బావికి ఎగువన

అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయాక ఆమెకు మిగిలిన పేరు పంపత్త. దిగువ వీధి బావి మీద మోటారు వేసేది ఆమే, ఆపేది ఆమే. పొద్దున్నే పంపు గది తాళం తీస్తుంది. పంపు నోట్లో చెంబుతో నీళ్లు పోసి లోపలి గాలి పోగొడుతుంది. స్టార్టరు మీద పచ్చ బొత్తాం నొక్కి, గొట్టానికి చెవి ఆనించి కాసేపు వింటుంది. నీళ్లు ఎక్కే చప్పుడు వేరు, ఒట్టి గాలి తిరిగే చప్పుడు వేరు. ఆ తేడా నేర్పింది మొగుడు. మోటారు ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆమెది ఇంటిపనే. ఒక మధ్యాహ్నం భోజనానికి లేచి, చెయ్యి కడుక్కుంటూ ఆయన అలాగే కూలిపోయాడు. పంపు గది తాళంచెవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆయన జేబులో ఉంటే తీసి పెట్టుకుంది. మర్నాడు వీధిలో వాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు కనక వెళ్లి మోటారు వేసింది. అప్పటినుంచి వేస్తూనే ఉంది.

నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్లు ఆమెను. కుళాయి దగ్గర ఆడవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నా పంపు గది గుమ్మంలో కూర్చుని నేల చూపులు చూసేది. బిందెలు నిండాక ఎవరు ముందు ఎవరు వెనకో వాళ్లే మరిచిపోతారని ఆమె లెక్క. అంత నెమ్మదైన మనిషికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ముందు నేల సంగతి చెప్పాలి. ఆ ఊరు ఏటవాలు మీద ఉంది. పైన పొలాలు. పొలాల పక్కన గట్టిగా కట్టిన ఇళ్లతో ఎగువ వీధి. వాళ్లకు విడిగా లోతైన బోరు ఉంది, ఆ నీళ్లు వాళ్లవే. పొలాలు దిగి వచ్చి ఆగేచోట పాత బావి, దాని కింద దిగువ వీధి. పొలాల్లో పడిన చుక్క నేలలోకి ఇంకి, ఆ వాలునే దిగి దిగి, చివరికి పాత బావిలో ఊరుతుంది. దిగువ వీధి తాగేది అదే.

పొలాల్లో పెద్ద ముక్క పంపత్త అన్నయ్యది. ఆయన చెడ్డవాడేం కాదు. చెల్లెలి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో కనుక్కుని మరీ పడుకునే మనిషి. కానీ ఆ వాలు మీద రైతులందరికీ ఒక అలవాటు ఉంది, అది ఆయనకూ ఉంది. మబ్బు పట్టిందంటే యూరియా బస్తాలు బయటికి వస్తాయి. వాన పడకముందే చల్లేస్తే ఆ వానే దాన్ని నేలలోకి దింపుతుంది, నీళ్లు కట్టే పని తప్పుతుంది. ఇది తండ్రుల నాటి తెలివి. తండ్రులు చల్లింది గుప్పెడు. ఇప్పుడు పక్కవాడి చేను కంటే తన చేను ఒక పిసరు ఎక్కువ పచ్చగా కనపడాలని బస్తా మీద బస్తా. ఎవరి పైరు నల్లపచ్చగా ఉంటే ఆయన రైతు. ఎవరి గట్టు మీద గడ్డి కనపడితే ఆయన సోమరి. అందుకని గట్లన్నీ గుండు గీసినట్టు గీకి పెట్టుకునేవాళ్లు. పెద్ద వాన పడితే ఆ తెల్ల గింజలు పైరు నోటికి అందకుండానే కరిగి జారిపోయేవి. ఆపడానికి దారిలో ఒక గడ్డిపరక కూడా ఉండేది కాదు. పోయింది ఎటు పోతుందని ఏ రైతూ అడగలేదు. కిందికి పోతుంది, ఇంకెటు పోతుంది. కింద మనుషులున్నారన్న సంగతి పైనుంచి చూస్తే కనపడదేమో.

పంపత్తకు ఒక్కతే కూతురు. కాపురం పట్నంలో. పాప పుట్టి మెడ నిలబెట్టే వేళకి, తల్లి దగ్గర కొన్నాళ్లు ఉందామని వచ్చింది. పిల్లకు పాలు చాలక డబ్బాపాలు పట్టాల్సి వచ్చింది. డబ్బాపాలకు నీళ్లు కావాలి కదా. పంపత్త ఇంట్లో అన్నిటికంటే మందంగా ఉన్న గిన్నె తీసి బూడిద పెట్టి తోమింది. ఒక పొంగు వస్తే చాలమ్మా అని కూతురు అంటే ఆమెకు ఆనలేదు. చంటిపిల్ల కడుపు. ఏ పురుగూ మిగలకూడదు. గిన్నెలో నీళ్లు సగానికి దిగేదాకా పక్కనే నిలబడి మరగనిచ్చేది. చల్లార్చి, వడకట్టి, పొడి కలిపి, ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసి పట్టేది. సాయంత్రానికి మిగిలిన నీళ్లను మళ్లీ పొయ్యి మీద పెట్టేది. మనవరాలి కోసం కాల్చిన పుల్లలకు కొదవ లేదు. పుల్లల పొగకి కళ్లు మండినా అదో సంబరం. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమె అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

వారం తిరిగేసరికి పాప నీరసపడింది. మూతి చుట్టూ మసి అద్దినట్టు నల్లబడింది. చలి వల్లేమో అనుకుని ఒళ్లంతా గుడ్డలు చుట్టారు. మర్నాడు గోళ్లు నీలమయ్యాయి. ఏడుపు కూడా మానేసింది. కూతురు పిల్లను గుండెకు హత్తుకుని పరుగెత్తితే, వెనక పంపత్త చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో దాకా పరుగెత్తింది. ఆ పూట మోటారు వేసేవాళ్లు లేరు. వీధిలో ఎవరూ ఏమీ అనలేదు.

పిల్లల డాక్టరమ్మ పాప పెదవులు చూస్తూనే గబగబా ఏవో పురమాయించింది. రక్తం తీస్తే ఆ రక్తం కూడా గోధుమ రంగులో ఉంది. సూది వేశాక, గొట్టంలోంచి గాలి పెట్టాక, పాప రంగు కొద్దికొద్దిగా మళ్లింది. అప్పుడు తల్లినీ అమ్మమ్మనూ పిలిచి కూర్చోబెట్టి, పాలల్లో ఏ నీళ్లు కలుపుతున్నారని అడిగింది.

"మా బావి నీళ్లేనమ్మా. బాగా మరిగించే పడుతున్నాం" అంది పంపత్త.

"ఎంత సేపు మరిగిస్తారు?"

"సగానికి దిగేదాకా."

డాక్టరమ్మ చేతిలో కాగితం పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "మరిగిస్తే పురుగు చస్తుందమ్మా. మీ నీళ్లలో ఉన్నది పురుగు కాకపోవచ్చు. పొలాల్లో వేసిన ఎరువు. అది ఉప్పు లాంటిది. ఉప్పునీళ్లు సగానికి మరిగిస్తే ఏమవుతుంది?"

ఏమవుతుందో వంటింట్లో పుట్టి పెరిగిన ఏ ఆడదానికైనా తెలుసు. పంపత్తకూ తెలుసు. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు, రెండింతలు చిక్కబడుతుంది. పెద్దవాళ్లు తట్టుకుంటారు కానీ పాలు తాగే పిల్లల రక్తం తట్టుకోలేదని, నీళ్లు పరీక్ష చేయించి బాగున్నాయని తేలేదాకా ఆ ఇంటికి పాపను తీసుకుపోవద్దని డాక్టరమ్మ చెప్పింది. మీ తప్పు కాదమ్మా, మీకెవరూ చెప్పలేదు అని కూడా అంది. ఆ మాట మాత్రం పంపత్త చెవిలోకి పోలేదు.

ఆస్పత్రి వరండాలో వియ్యపురాలు ఎదురైంది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"వదినగారూ, మా పిల్లను మేం చూసుకుంటాం. మీ నీళ్లు మీరే తాగండి" అంది.

అల్లుడు గోడ మీద కాగితాలు చదువుతున్నట్టు అటు తిరిగాడు. పాపను ఆస్పత్రి నుంచి తిన్నగా పట్నం తీసుకుపోయారు. ఇంట్లో మిగిలిన పాలడబ్బా, చిన్న దుప్పటి, గిలక తరవాత అల్లుడు వచ్చి తీసుకుపోయాడు. కూతురు ఫోన్ చేసేది, కానీ ఎప్పుడొస్తావని తల్లి అడగలేదు, వస్తానని ఆమె చెప్పలేదు.

నీళ్లు పరీక్ష చేసేవాళ్లు వచ్చి సీసాలో పట్టుకుపోయారు. ఉండాల్సిన దానికి మూడింతలు నైట్రేట్, అదే డాక్టరమ్మ చెప్పిన ఎరువు ఉప్పు, ఉందని తేలింది. ఆ మాట విన్న పూట పంపత్త పంపు గదిలో కూర్చుని వీధిలో ఇళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. మూలింటి కోడలు నెల తప్పింది. కుట్టుపని చేసే అమ్మాయికి చంటిబిడ్డ. గుడిసెలో వాళ్లకు కవలలు. నిరుడు ఎండల్లో తాపీమేస్త్రీ చంటికొడుకు ఇలాగే మూతి నల్లబడి చచ్చిపోయాడు. గుండెలో లోపం అన్నారు. అదే అయ్యుండొచ్చు. కాకపోయి ఉండొచ్చు. నీళ్లు చూద్దామని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆ పిల్లాడి తల్లి ఇప్పటికీ ఆమె మోటారు వేసిన నీళ్లే పట్టుకుపోతుంది. పంపత్త లేచి తాళం వేసి, తిన్నగా అన్న ఇంటికి పోయింది.

అన్న అరుగు మీద కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. పాప సంగతి అడిగాడు, కళ్లు తడి చేసుకున్నాడు. అంతా విన్నాక కూడా చేతిలో రాయి ఆపలేదు.

"నా ఒక్కడి వల్ల వచ్చిందా ఏంటి ఇది? వాలు మీద అందరూ చల్లేదే. వాన చూసి చల్లడం మన నాన్న నేర్పిందే."

"నాన్న గుప్పెడు చల్లేవాడన్నయ్యా."

"అప్పటి నేల వేరు. ఇప్పుడు పెట్టకపోతే పైరు లేస్తుందా? చూడు, పాప మళ్లీ వస్తే నీళ్లు నేను పంపిస్తా. పట్నం నుంచి డబ్బా నీళ్లు తెప్పిస్తా. నా మనవరాలు కూడా కదే అది. ఎన్ని డబ్బాలు కావాలంటే అన్ని."

"మూలింటి కోడలికో?"

అన్న కొడవలి పదును బొటనవేలితో చూసుకున్నాడు.

"కుట్టుపని పిల్లకో? మేస్త్రీ పెళ్లానికి ఎన్ని డబ్బాలు తెప్పిస్తావు, ఇప్పుడు?"

"నువ్వు నాతో పోట్లాడ్డానికి వచ్చావా?" అన్నాడు అన్న, నిజంగానే ఆశ్చర్యపోయి. పుట్టి బుద్ధెరిగాక ఆ చెల్లెలు ఆయనతో పోట్లాడింది లేదు.

ఆమెకూ తెలీదు ఎందుకు వచ్చిందో. తిరిగి వస్తూ పొలం గట్టు మీదుగా దిగింది. బావికి ఎగువన, పల్లంలో, అన్న కొట్టాల పెంటదిబ్బ ఉంది. పాతిక పశువుల పేడ, మూత్రం, కసవు అంతా అక్కడే పడుతుంది. మొన్నటి వానకు దిబ్బ అడుగున నల్లటి నీరు ఊరి, కొలిమి పొగరంగులో, బావి వైపుకే పాకుతోంది. అది చూస్తూ నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆ నేల చెక్క ఎవరిదో. పెళ్లిలో తండ్రి ఆమెకు రాసిచ్చిన చెక్క. పొలానికీ బావికీ మధ్య పొడుగాటి పట్టీ. మొగుడికి సేద్యం రాదని అన్ననే వాడుకోమంది. ఆయన దిబ్బ వేసుకున్నాడు, మిగతా దాంట్లో బావి అంచు దాకా దున్నుకున్నాడు. ఏటా పండినదాంట్లో కొంత పంపేవాడు, ఆమె ఎంతని అడిగేది కాదు. ఇన్నేళ్లూ దిగువ వీధిలోకి దిగిన ఆ నల్లనీరు ఆమె సొంత నేల మీదుగానే దిగింది.

కొన్నాళ్లకు పైనుంచి ఆఫీసర్లు వచ్చి సభ పెట్టారు. ఎగువ వీధి సావడిలో బల్లలు వేశారు. ఇంజనీరు గారు పెద్ద బొమ్మ గోడకు తగిలించి, ఇక్కడ యంత్రం పెడతాం, నీళ్లను అందులో వడకడతాం, మంజూరు కావాలి, అయ్యాక టెండరు, ఆ తరవాత కట్టుబడి అని చెప్పాడు. ఎప్పటికి అని ఎవరో అడిగితే నీళ్లు నమిలాడు. రైతులందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? యంత్రం వస్తే తాము ఏమీ మార్చుకోనక్కర్లేదు. కింద ఖరీదైన యంత్రం వడకడుతూ ఉంటే పైన బస్తాలు చల్లుతూనే ఉండొచ్చు.

ఆ తరవాత వ్యవసాయ ఆఫీసరమ్మ లేచింది. చిన్న పిల్లలా ఉంది, గొంతు కూడా చిన్నది. యంత్రం వచ్చినా రాకపోయినా రేపటినుంచి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి అంది. పెద్ద మబ్బుకి ముందు యూరియా చల్లకుండా, వాన వెలిశాక తడి నేల మీద చల్లాలి. ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా చల్లాలి. పెంటదిబ్బను పల్లంలోంచి మెట్టకు మార్చి, చుట్టూ మట్టికట్ట వేసి పైన ఏదన్నా కప్పితే అందులో సారం కూడా అందులోనే ఉంటుంది, బస్తాలు తక్కువ కొనొచ్చు. బావి వైపు అంచున నాలుగు బారల వెడల్పు దున్నకుండా గడ్డికి వదిలేయాలి. జారి వచ్చేదాన్ని గడ్డి వేళ్లు పట్టుకుంటాయి, ఆ గడ్డి పశువులకు కోసుకోవచ్చు. ఇవన్నీ కలిపినా ఆ బొమ్మలో ఒక గోడ ఖరీదు కాదు అంది. అందాకా పిల్లలూ కడుపుతో ఉన్నవాళ్లూ ఉన్న ఇళ్లకు ఎగువ బోరు నుంచి రోజూ కొన్ని బిందెలు ఇమ్మంటే, దానికి మాత్రం అందరూ తలలూపారు.

రైతుల్లో మీసాలాయన అని ఒకడున్నాడు. అన్న పక్క చేనువాడు. పచ్చదనంలో అన్నతో పోటీ పడేది అతనే. అతను నవ్వుతూ లేచాడు.

"అమ్మా, మీరు రేపు ఇంకో ఊరు పోతారు. గట్టు మీద గడ్డి పెరిగితే నన్ను నా మామగారే సోమరిపోతు అంటాడు. ఆయనకు మీరు చెప్తారా?"

సావడంతా గొల్లున నవ్వింది. ఆఫీసరమ్మ ముఖం కందింది. ఇంజనీరు గారు కూడా నవ్వాడు, అది పంపత్త చూసింది.

ఆమె ఆడవాళ్ల వరస చివర నేల మీద కూర్చుని ఉంది. లేచిందని కూడా ముందు ఎవరూ గమనించలేదు.

"గడ్డి మొలవనివ్వడానికి ఏం కావాలయ్యా మీకు? టెండరా?" అంది.

నవ్వు ఆగింది. పంపత్త మాట్లాడటం వాళ్లలో చాలామంది అదే మొదటిసారి వినడం.

"పసిపిల్ల గోళ్లు నీలమైపోతే మీకు మామగారు ఏమంటాడోనని బెంగ. మీ పచ్చ మేం తాగుతున్నాం. మా ఇంట్లో సగానికి మరగబెట్టి మరీ తాగించాను." అన్న వైపు తిరిగింది. "అన్నయ్యా, దిబ్బ ఉన్న చెక్క నాది. నాన్న నాకిచ్చింది. దిబ్బ తీసెయ్. ఆ చెక్కలో ఇంక నాగలి పెట్టొద్దు. అది గడ్డికి వదిలేస్తున్నా."

చెల్లెలు నలుగురిలో నేల అడగడమంటే అన్నకు తల తీసేసినట్టే. మీసాలాయన ఇప్పుడు మీసం కింద నవ్వుకుంటున్నాడు. అన్న కండువా దులిపి భుజాన వేసుకుని సభ మధ్యలోంచి వెళ్లిపోయాడు.

దిబ్బ తీయించాడు. కాకపోతే ఎలా తీయించాడంటే, మర్నాడు తెల్లారి పంపత్త తలుపు తీసేసరికి వాకిట్లో పెంట. బళ్లతో తోలించి గుమ్మం దాకా కుమ్మరించాడు. నీ చెక్కలోది నీకే చేర్చాను అని కబురు పెట్టాడు. బయటికి రావాలంటే ఆమె దొడ్డి గోడ ఎక్కి దిగాల్సి వచ్చింది. ఆ వయసులో గోడ దిగుతున్న ఆమెను చూసి కుట్టుపని అమ్మాయి ముందు నవ్వింది, తరవాత ఏడుపు ముఖం పెట్టింది, తరవాత పార తెచ్చింది. వీధి ఆడవాళ్లంతా గంపలు తెచ్చారు. ఆఫీసరమ్మ చూపించిన మెట్ట మీదికి, ఎండలో, ఆ దిబ్బంతా మోశారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఎగువ వీధి మగవాళ్లను తిట్టుకుంటూ మోశారు. మూలింటి కోడలిని మోయొద్దని కూర్చోబెడితే, కూర్చునే అందరికంటే గట్టిగా తిట్టింది. మేస్త్రీ పెళ్లాం మాత్రం ఒక్క మాటా అనలేదు, ఒక్క గంపా ఆపలేదు. చుట్టూ మట్టికట్ట వేశారు, పైన చిరిగిన టార్పాలిన్ కప్పి రాళ్లు పెట్టారు. పంపు గది తలుపు మీద పంపత్త ఎర్ర రంగుతో రాయించింది, ఈ నీళ్లు పిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్లకూ పట్టకూడదని. ఎగువ బోరు నుంచి రోజూ కొన్ని బిందెలు ఆ ఇళ్లకు ఇవ్వాలని సభలో అందరూ తలలూపారు కదా అని, మొదటి రోజు తనే బిందె తీసుకుని పోయి బోరు దగ్గర నిలబడింది. ఇచ్చారు. ఇవ్వకుండా ఎలా ఉంటారు, ఆమె కదిలితే కదా.

అన్న మాటలు మానేశాడు. ఎరువు వేసే కాలం వచ్చింది. ఆయన దగ్గర ఇప్పుడు మాగిన పెంట లేదు, కోపంలో అంతా చెల్లెలికి ఇచ్చేశాడు. ఒక సాయంత్రం వదిన వచ్చి పీట మీద కూర్చుని, అటూ ఇటూ మాట్లాడి, మీ అన్నయ్య అడగమన్నాడని కాదు గానీ అంటూ నసిగింది. పంపత్త దిబ్బ తోలుకుపొమ్మంది. కప్పి ఉంచిన పెంట నల్లగా, మెత్తగా, వాసన లేకుండా ఉంది.

"తీసుకుపో వదినా. కానీ బస్తాలు సగం వెయ్యమను. మబ్బుకి ముందు వెయ్యొద్దను" అంది.

అన్న సగం వేశాడు. చెల్లెలి మాట మీద కాదు, బస్తాల ధర మండిపోతోందని వేశానని నలుగురితో చెప్పుకున్నాడు. పైరు ఏం పాలిపోలేదు. అందుకు కూడా ఆయనకు కోపమే వచ్చి ఉంటుంది.

ఏడాది తిరిగాక నీళ్లు మళ్లీ పరీక్షకు పట్టుకుపోయారు. తగ్గింది. ఉండాల్సిన దానికి ఇంకా రెండింతల పైనే ఉంది. నేలలోకి ఇన్నేళ్లూ దిగింది ఒక్క ఏడాదిలో పోదమ్మా, అందరూ మారితే మెల్లగా తగ్గుతుంది, ఒకరో ఇద్దరో మారితే ఇంకా మెల్లగా అని ఆఫీసరమ్మ చెప్పింది. పాడు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది, బాగు చేయడానికి మాత్రం అందరూ ఒప్పుకోవాలట. పంపత్త ఆ రోజు తిండి ముట్టలేదు.

ఆ వానాకాలం మొదట్లోనే, చెప్పాపెట్టకుండా, కూతురు వచ్చింది. చంకలో పాప. వెనకాల ఆటోవాడు దించుతున్నవి నీళ్ల డబ్బాలు. పాప తప్పటడుగులు వేస్తోంది, ఏది అందితే అది పట్టుకుని. అమ్మమ్మను చూసి ముందు మొహం తిప్పుకుంది, కాసేపటికి మోకాలు పట్టుకుంది. కూతురు తల్లి వైపు చూడకుండానే చెప్పింది.

"అత్తయ్య వద్దన్నారు. నేనే వచ్చాను. నీళ్లు నేను తెచ్చుకున్నానమ్మా, దీనికి ఎగువ బోరు నీళ్లు కూడా వద్దు, నువ్వేం అనుకోకు."

పంపత్త ఏమీ అనుకోలేదన్నట్టు డబ్బాలు ఒక్కొక్కటి లోపలికి మోసింది. ఊరికి నీళ్లు పట్టే మనిషి ఇంట్లో, మనవరాలికి పట్నం నీళ్లు. వాటిని వంటింటి గోడ వారగా వరసగా పెట్టింది. వాటిలోంచే పాపకు గంజి కాచింది. ఒక పొంగు రాగానే దించేసింది. పాప తాగుతుంటే ఆమె చూపు పెదవుల మీదే ఉంది. అవి లేత ఎరుపులో ఉన్నాయి. అయినా మళ్లీ మళ్లీ చూసింది.

"ఎన్నాళ్లుంటావు?"

"డబ్బాలు అయ్యేదాకా" అంది కూతురు.

అప్పుడే బయట ఎండ మసకబారింది. పంపత్త గుమ్మంలోకి వచ్చి పైకి చూసింది. వాలు మీద మబ్బు దట్టంగా దిగుతోంది. పొలాల్లో అన్న చేను దాటి, మీసాలాయన గట్టు మీద తెల్లగా బస్తాలు కనపడ్డాయి. అన్న చేలో ఎవరూ లేరు. పంపత్త తువ్వాలు నెత్తిన వేసుకుని, పాపను చూసుకోమని కూతురికి చెప్పి గట్టెక్కింది.

మీసాలాయన అప్పటికే ఒక బస్తా మూతి విప్పి, తట్టలోకి వంపుకోబోతున్నాడు. ఆమె రావడం చూసి అక్కడినుంచే మొదలుపెట్టాడు.

"అత్తా, నీ చెక్కలో నువ్వు గడ్డి పెంచుకున్నావు, నేనేమన్నా అన్నానా? ఇది నా చేను."

"నీ చేనే. చల్లు. వాన వెలిశాక చల్లు."

"వెలిశాక మళ్లీ ఎవడొస్తాడు?"

పంపత్త విప్పిన బస్తా మూతిని మడిచి, దాని మీద కూర్చుంది. మిగతా బస్తాలు పక్కనే ఉన్నాయి, వాటి మీద రెండు చేతులూ వేసి పట్టుకుంది. మీసాలాయన కాసేపు తట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆడమనిషిని, అందులోనూ ఊరంతా అత్తా అనే మనిషిని, చెయ్యిపట్టి లాగలేడు. బతిమాలాడు, బెదిరించాడు, ఆమె అన్నను కేకేశాడు.

అన్న గొడుగు వేసుకుని వచ్చాడు. ఏడాదిగా మాటలు లేని చెల్లెలు బస్తా మీద కూర్చుని ఉంది. వాన మొదలై ఆమె నెత్తి మీద తువ్వాలు అప్పుడే తడిసి అతుక్కుపోతోంది.

"లే. నలుగురూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడనీ. పాప వచ్చింది అన్నయ్యా. వెంట నీళ్లు తెచ్చుకుంది. అవి అయిపోతే వెళ్లిపోతుంది."

అన్న గొడుగు పట్టుకున్న చెయ్యి కొద్దిగా వాలింది. ఇద్దరి మీదా వాన పడింది. ఏమనుకున్నాడో, మీసాలాయన వైపు తిరిగి, తన చేనుకేసి చెయ్యి చూపించాడు.

"నేను నిరుడు సగమే వేశాను. అదీ వాన వెలిశాకే. నా చేను పాలిపోయిందా? చెప్పు."

మీసాలాయన ఆ చేనుకేసి చూశాడు. పాలిపోలేదని ఒప్పుకోవడం అతని వల్ల కాలేదు. పాలిపోయిందని చెప్పడం కూడా వల్ల కాలేదు. వాన పెద్దదైంది. గీకిన గట్ల మీదుగా ఎర్రటి నీళ్లు జారి కిందికి పోతున్నాయి. పంపత్త చెక్క దగ్గరికి వచ్చేసరికి గడ్డిలో పడి నెమ్మదిస్తున్నాయి. ముగ్గురూ అది చూస్తూ తడిశారు.

వాన తెరిపి ఇచ్చాక పంపత్త లేచింది. మోకాళ్లు పట్టేసి రెండోసారికి గానీ లేవలేకపోయింది. అన్న చెయ్యి అందించబోతే, బస్తా ఊతంతోనే లేచింది.

"ఇప్పుడు చల్లుకో. సగం" అంది మీసాలాయనతో.

"మళ్లీ మబ్బు పడితే మళ్లీ వస్తావా?" అన్నాడతను, వెటకారంగానే.

"వస్తాను. నీకు ముందే వస్తాను" అంది.

గట్టు దిగి ఇంటికి వచ్చేసరికి పాప నిద్రపోయింది. కూతురు వరసలో రెండో డబ్బా మూత తిప్పుతోంది. పంపత్త తడి బట్టలతోనే గుమ్మంలో నిలబడి, గోడవారగా ఇంకా మూత తీయని డబ్బాలు ఎన్నున్నాయో చూసింది.